మాజీ డైరెక్టరమ్మ

ఆ రోజు డైరెక్టరమ్మ పొద్దున్నే లేచి, ముందుగదిలో సోఫా దులిపి, దాని మీద గుడ్డ మార్చి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. పెద్ద చుట్టాలెవరో దిగుతున్నారన్నంత హడావిడి. తీరా వస్తున్నది కొత్త డైరెక్టరు. కొన్ని నెలల కిందట ఈవిడ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న పిల్ల.

"ఏదో చిక్కులో పడ్డట్టుందండీ. లేకపోతే ఇంటికొస్తానని ఎందుకంటుంది? ఫోన్లో చెప్పచ్చుగా!" అంది. ఆ మాట నిన్న సాయంత్రం నుంచి అంటూనే ఉంది.

పక్కగదిలో ఆవిడ భర్త మేష్టారు వాళ్ళమ్మకి పాలలో నానబెట్టిన రొట్టె తినిపిస్తున్నారు. "పడితే పడనీ. తనే లేస్తుంది," అన్నారు చెంచా దించకుండానే.

"మీకేం, ఎన్నైనా చెబుతారు. నిలబెట్టినదాన్ని, నాకు తెలుస్తుంది ఆ బాధ."

బాధ అని అన్నది గానీ, నిజానికి ఆవిడకి బాధ కూడా ఏమీ లేదు. గొడవంతా అక్కడే ఉంది.

ఏ ఆసరా లేని ఆడవాళ్ళని చేరదీసి, మంచాన పడ్డవాళ్ళకి సేవ చెయ్యడం నేర్పి, ఇళ్ళకి పంపే సంస్థ ఆవిడది. వచ్చిన ఆదాయం పనిచేసేవాళ్ళదే, మిగిలింది కొత్తవాళ్ళకి నేర్పడానికి. ఇది దానధర్మమూ కాదు, వ్యాపారమూ కాదు, రెంటికీ చెడుతుంది అని నవ్వినవాళ్ళే తరవాత తమ ఇళ్ళలో ముసలివాళ్ళ కోసం ఆవిడ ఆఫీసు ముందు వరసలో నిలబడ్డారు. వీధిలో అందరూ డైరెక్టరమ్మ అన్నారు. ఆ పేరు పాలవాడి నోట్లోంచి మొదలై చివరికి సొంత అత్తగారి నోట్లోకి కూడా వచ్చేసింది.

ఆవిణ్ణి ఎవరూ దిగమనలేదు. ఓపిక ఉండగానే అప్పగించడం మర్యాద అని తనే అనుకుంది, తనే మనిషిని వెతికింది, తనే ముహూర్తం పెట్టుకుంది. వీడ్కోలు సభలో ఆయాల దగ్గర్నుంచి డ్రైవరు దాకా అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడకి మాత్రం మైకు గరగరలాడుతోందనే అనిపించింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పింది. ఏడుపు రేపొస్తుందేమో అనుకుంది. రేపూ రాలేదు. కాలు మడుచుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కి, అది మన కాలే అని తెలియకుండా పోతుంది చూశారా, ఆవిడకి మనిషంతా అలా అయిపోయింది. తిన్నది రుచి తెలియదు, చూసింది గుర్తుండదు. పొద్దున్న లేస్తుంది, తయారవుతుంది, కూర్చుంటుంది.

ఊరికే కూర్చోవడం చేతకాక ఇంటి మీద పడింది. మొదటివారమే వంటింట్లో డబ్బాల వరసంతా మార్చేసింది. మేష్టారు ఉప్పనుకుని కూరలో పంచదార వేశారు. ఆ కూర నోట్లో పెట్టుకుని అత్తగారు, "ఏరా, ఇవాళ ఎవరి పుట్టినరోజు?" అని అడిగింది. మేష్టారు నవ్వారు. డైరెక్టరమ్మ నవ్వాలని గుర్తొచ్చి నవ్వింది.

కొత్త డైరెక్టరు చెప్పిన వేళకే వచ్చింది. ముప్పై దాటిన మనిషి, గట్టిగా నడుస్తుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. కాఫీ అందుకుని సోఫా అంచున కూర్చుంది.

"చెప్పమ్మా, మొహమాటపడకు. ఆసుపత్రివాళ్ళతో ఒప్పందం దగ్గర ఇరుక్కున్నావా? వాళ్ళు మాటల్లో తియ్యగా ఉంటారు గానీ..."

"అయిపోయింది మేడం. సంతకాలు కూడా అయ్యాయి."

"పోనీ, రాత్రి డ్యూటీల గొడవా?"

"అది వాళ్ళలో వాళ్ళే కూర్చుని పంచుకున్నారు మేడం. అంతా బాగానే ఉంది."

బాగానే ఉందన్న మాట విని డైరెక్టరమ్మ తలూపింది. సంతోషించాల్సిన మాటే. కానీ ఎక్కడా ఏమీ కదల్లేదు. చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పింది.

కొత్త డైరెక్టరు గొంతు సవరించుకుంది. "అసలు నేనొచ్చింది... బాబాయిగారున్నారా మేడం? ఆయనతో మాట్లాడదామని."

దులిపిన సోఫా, మార్చిన గుడ్డ, కట్టిన ఇస్త్రీ బట్టలు, అన్నీ ఒక్కసారిగా డైరెక్టరమ్మని చూసి నవ్వినట్టయింది. "ఏమండీ," అని పిలిచింది. గొంతు మామూలుగానే వచ్చింది.

మేష్టారు తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. తన కోసం ఒకళ్ళు రావడం ఆయనకి అలవాటు తప్పింది.

"మా పిల్లలు బాగానే నేర్చుకుంటున్నారు బాబాయిగారూ. మనిషిని మంచం మీద ఎలా తిప్పాలో, వీపున పుళ్ళు పడకుండా ఎలా చూడాలో అన్నీ వచ్చు. కానీ ఆర్నెల్లు తిరక్కుండా మానేస్తున్నారు. ఏమ్మా అంటే, విసుగొస్తోందంటారు. విసుగొస్తే ఏం చెయ్యాలో మన పాఠాల్లో ఎక్కడా లేదు."

ఆ పాఠాలు రాసింది డైరెక్టరమ్మ. ఆవిడ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"నేను లెక్కల మేష్టర్నమ్మా. నాకేం తెలుసు?"

"మీరొకసారి చెప్పారు. అమ్మగారి మీద విసుగొస్తే పెరట్లోకెళ్ళి పంతొమ్మిదో ఎక్కం వెనకనుంచి ముందుకి చదువుతానని. అది మా క్లాసులో చెప్పాను. పడీపడీ నవ్వారు. తరవాత ఒకమ్మాయి భోరుమంది. పేషెంటు మీద విసుగు తనొక్కదానికే వస్తోందనీ, తను చెడ్డ మనిషిననీ అనుకుందట ఇన్నాళ్ళూ. మీరొచ్చి పొద్దుటిపూట కాసేపు మాట్లాడండి బాబాయిగారూ. పాఠం వద్దు. మాటలు చాలు. జీతం ఇస్తాం."

పెరట్లో ఎక్కాలు డైరెక్టరమ్మ ఏళ్ళ తరబడి విన్నది. రిటైరైన మనిషి, పాత అలవాటు పోలేదు కాబోలు అనుకుంది. ఒక్కసారైనా ఎందుకు చదువుతున్నారని అడగలేదు.

మేష్టారి ముఖం విప్పారింది. అంతలోనే లోపలి గది వైపు చూశారు. "మరి అమ్మ దగ్గర..."

"కావాలంటే మన అమ్మాయినొకదాన్ని పంపిస్తాను."

"అక్కర్లేదు. ఆయన రారు," అంది డైరెక్టరమ్మ.

కొత్త డైరెక్టరు గ్లాసు కింద పెట్టి లేచింది. "ఆలోచించి చెప్పండి బాబాయిగారూ," అని ఆయన వైపే చూసి చెప్పి, ఈవిడకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

తలుపు వేసి వచ్చి మేష్టారు ఎదురుగా కూర్చున్నారు. ఆయన కోపం వస్తే అరవరు. ముక్కలు ముక్కలుగా, బోర్డు మీద లెక్క చేస్తున్నట్టు మాట్లాడతారు.

"నా తరపున నువ్వెందుకు చెప్పావు?"

"మరేం చెప్పమంటారు? నేను కడుపు మాడ్చుకుని కట్టినదాంట్లోకి, నేను బయటికి రాగానే మీరు వెళ్ళి కూర్చుంటారా? నలుగురూ ఏమనుకుంటారు? వెనకనుంచి ఈవిడే నడిపిస్తోందనుకోరూ?"

"నలుగురి సంగతి కాదు. నీ సంగతి చెప్పు."

ఆవిడ సోఫా మీద గుడ్డ సరిచేసింది.

"నీ దగ్గర పనిచేసేవాళ్ళెవరూ పేషెంటు తరపున తాము జవాబు చెప్పకూడదు. మనిషినే అడగాలి. ఆ రూలు నీదే కదా? నన్ను అడగవేం? మంచాన పడ్డవాళ్ళకున్న పాటి విలువ నాకు లేదా?"

"మీరు ఇల్లొదిలి వెళితే అత్తయ్యగారి సంగతి?"

"నువ్వు లేవా?"

ఆ రెండు మాటలూ ఆయన మెల్లగానే అన్నారు. అయినా గదిలో గోడలకి కూడా వినపడ్డట్టయింది.

"అమ్మ తుంటి విరిగి మంచం ఎక్కిన నాడు నువ్వు ఏమన్నావో గుర్తుందా? ఆఫీసు నుంచి ఆయాని పంపుతానన్నావు. వద్దన్నాను, నేను చూసుకుంటానన్నాను. ఊరంతా నీ చుట్టూ తిరుగుతోంది, ఇల్లన్నా నేను నిలబెడతానని సంబరపడ్డాను. తప్పు నీది కాదు. కానీ నువ్విప్పుడు ఇంటికొచ్చేశావు. వచ్చి ఇన్ని నెలలైంది. ఒక్క పూట అమ్మ పక్కన కూర్చున్నావా? గుమ్మంలో నిలబడి తలగడ ఎత్తు తక్కువైందంటావు, కిటికీ తెరవమంటావు, వెళ్ళిపోతావు. అది ఇన్‌స్పెక్షనే! నువ్వు కుర్చీ వదిలి వచ్చావు. నేనీ మంచం పక్కనుంచి ఒక పూట లేవకూడదా?"

డైరెక్టరమ్మకి కోపం రావాలి. రాలేదు. ఏడుపన్నా రావాలి. అదీ రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ అంది, "నాకు ఏమీ అనిపించడం లేదండీ. ఆ పిల్ల బాగానే ఉందంటే ఏమీ అనిపించలేదు. మీరింత అన్నా ఏమీ అనిపించడం లేదు. నాకేమైందో తెలియడం లేదు."

మేష్టారి చెయ్యి ఆవిడ చేతి దాకా వచ్చి, సోఫా మీదే ఉండిపోయింది.

"ఒరేయ్!" లోపల్నుంచి కేక. "ఏమిటా పంచాయితీ? నా గురించేగా? నన్నెవరూ అడగరా?"

ఇద్దరూ దొంగతనం చేస్తూ దొరికిపోయినవాళ్ళలా గదిలోకి వెళ్ళారు. అత్తగారికి నడుం కిందే కదలిక లేదు గానీ పైన అంతా చురుకు, మరీ ముఖ్యంగా చెవులు.

"వాడికి ఉద్యోగం వచ్చిందా?" అని కోడల్ని అడిగింది.

"ఉద్యోగమంటే, పొద్దుటిపూట కాసేపు..." నసిగారు మేష్టారు.

"పంపించు. ఇంట్లో కూర్చుని ముసలాడైపోతున్నాడు. నాకంటే పెద్దవాడిలా కనిపిస్తున్నాడు."

"మీ దగ్గరికి అమ్మాయిని పంపుతారట అత్తయ్యా," అంది డైరెక్టరమ్మ.

"బయటివాళ్ళెందుకు? ఇంట్లో మనిషి ఖాళీగానే ఉందిగా." ముసలావిడ కోడలి వైపు నిదానంగా చూసింది. "ఏం, రాదా?"

రాదని ఎలా అంటుంది? కొన్ని వందలమందికి నేర్పిన మనిషి.

సోమవారం మేష్టారు గడ్డం నున్నగా గీసుకుని, పాత స్కూలు సంచి భుజాన వేసుకుని బయల్దేరారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చారు. "వేణ్ణీళ్ళు మరీ వేడిగా పెట్టకు. ఎడం చెయ్యి ఎత్తితే అమ్మకి నొప్పి," అన్నారు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చి, "తలంటు ఇవాళే," అన్నారు.

"ముందు మీరు వెళ్ళండి," అంది డైరెక్టరమ్మ, తలుపు వేసేసింది.

చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి అత్తగారిని స్నానాలగదిలోకి తీసుకెళ్ళేసరికే ఆవిడకి చెమటలు పట్టాయి. కుర్చీ గడపకి తగిలి ఒరిగింది. నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి కాలింది, చన్నీళ్ళు కలిపితే మరీ చల్లబడ్డాయి. నోటికొచ్చిన పాఠమే ఇదంతా. వాక్యం వాక్యం గుర్తొస్తోంది, చేతులు మాత్రం మాట వినడం లేదు. తల మీద నీళ్ళు పోస్తే సబ్బు నురగ ముసలావిడ కళ్ళలోకి కారింది.

"అయ్యో! అత్తయ్యా, మంటగా ఉందా? ఉండండి, తువ్వాలు..." తువ్వాలు తెచ్చుకోలేదు. తన కొంగుతోనే తుడిచింది.

ముసలావిడ కోడలి చేతులు పట్టుకుంది. ముడతలు పడ్డ, తడిసిన వేళ్ళు. చాలా తేలిగ్గా ఉన్నాయి.

"ఎందుకలా బిక్కచచ్చిపోతావు? మొదటిరోజు అందరికీ ఇంతే. నువ్వు సంస్థ పెట్టిన కొత్తల్లో ఆ ఆడపిల్లలందర్నీ మన ముందుగదిలోకే తీసుకొచ్చేదానివి. అప్పుడు నేను దుక్కలా ఉండేదాన్ని. మంచాన పడ్డట్టు నటించమని నన్ను పడుకోబెట్టేదానివి. వాళ్ళు నన్ను అటూ ఇటూ దొర్లించి, నీళ్ళు పోసి, నెత్తి దువ్వి నేర్చుకున్నారు. ఒకత్తి నన్ను మంచం మీంచి కింద పడేసింది కూడా. అందరూ నా మీదే నేర్చుకున్నారు." ఆయాసంగా ఉంటే కాస్త ఆగింది. "నువ్వొక్కదానివే నేర్చుకోలేదు. పక్కన నిలబడి చెప్పేదానివి. ఇదెప్పుడు నా దగ్గరికొస్తుందా అని చూసేదాన్ని."

ఎక్కడ తెగిందో తెలియదు. డైరెక్టరమ్మ తడినేల మీద కూలబడి, ముసలావిడ మోకాళ్ళలో తల పెట్టుకుంది. ముందు భుజాలు కదిలాయి. తరవాత గొంతు. వీడ్కోలు సభ నుంచి రాకుండా ఉండిపోయిన ఏడుపంతా, ఆ ముందుగది నుంచి మొదలుపెట్టి ఇన్నేళ్ళ ఏడుపంతా, చిన్నపిల్లలా వెక్కుతూ ఏడ్చింది. నొప్పిగా ఉంది. చాలా నొప్పిగా ఉంది. అలా నొప్పి తెలుస్తున్నందుకు ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

అత్తగారు కోడలి తల మీద తడి చెయ్యి వేసి నిమిరింది. తరవాత వణికింది.

"ఏడిస్తే ఏడువు గానీ చెయ్యి ఆపకమ్మా," అంది. "నీళ్ళు చల్లారిపోతున్నాయి."