ఉప్పలం గోదాములో ఈజిప్టు రాజు

పుదుచ్చేరిలో ఉప్పలం వైపు ఒక పాత గోదాము ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ పక్క ఎవరూ నడిచేవాళ్ళు కాదు. లోపల ఎవరో ఊపిరి పీలుస్తారట... మనిషి మాత్రం కనబడడట. పగలంతా మీసాలు తిప్పే మా వీధి మగాళ్ళు, చీకటి పడగానే చుట్టుదారి పట్టేవాళ్ళు.

నేను చూడలేదు. హేమమాలిని చెప్పిందే చెబుతున్నాను. ఉప్పూ కారం మాత్రం కొంచెం నాది.

హేమమాలిని మా వీధి పిల్లే. ఒక మేస్త్రీ చేతికింద నాయకుల కటౌట్లకు రంగులేసేది. ఫ్లెక్సులు వచ్చి ఆ పని కాస్తా పడిపోయింది. అప్పుడే నరేంద్రన్ అనే ఆయన ఆ గోదామును హోటలు చేస్తూ, గోడనిండా ఈజిప్టు గుడి బొమ్మలు కావాలన్నాడు. ముందొచ్చిన పెయింటర్లు భయపడి పారిపోయారు.

"నువ్వూ నడమన వదిలేస్తివంటే ఇంక పిలిచేది లేదు," అని ముందే చెప్పేశాడు. ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి గోడ అది. అది పోతే కుంచె అటకెక్కినట్టే.

మొదట్లోనే పప్పులో కాలేసింది. రాజును తాటిచెట్టంత వేసి, దేవుళ్ళను ఆయన మోకాలి ఎత్తున నిలబెట్టింది. కటౌట్ల అలవాటు మరి! నాయకుడి పక్కన ఇంకొకరు ఎత్తుగా ఉంటే ఏ మేస్త్రీ ఊరుకుంటాడు?

నరేంద్రన్ తల పట్టుకుని, తను తెచ్చిన బొమ్మ చూపించాడు. "అట్ల కాదుమా. రాజూ దేవుడూ ఒకే ఎత్తు ఉండాల. దేవుడే దిగొచ్చి ఈయనకి ఊపిరి ఇస్తా ఉండాడని జనం నమ్మాల. అప్పుడే కదా రాజు మాట చెల్లేది!"

"గట్టోళ్ళే ఆ రాజులు," అని నవ్వుకుని, అంతా చెరిపి మళ్ళీ వేసింది.

చివరి సాయంత్రం ఒక్క పనే మిగిలింది. డేగ తల దేవుడు రాజు ముక్కు దగ్గర పట్టుకునే వస్తువు. పైన గుండ్రటి పిడి ఉన్న సిలువలా ఉంటుంది... ప్రాణానికి గుర్తట. కూలివాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె ఒక్కతే నిచ్చెన మీద నిలబడి దాన్ని పూర్తిచేసి, కొసను రాజు ముక్కుకు తాకించింది.

టప్పున కరెంటు పోయింది.

చీకటి. రంగు వాసన. ఆ తరువాత — చెవి పక్కనే అన్నట్టు —

"హా...చ్!"

కాళ్ళు నిచ్చెనకు అతుక్కుపోయాయి. వెంటనే మూలనుంచి సన్నటి గొంతు...

"నూరేళ్ళాయుస్సు..."

దూకి పారిపోదామనుకుంది. పారిపోతే గోడ పోతుంది. ఆ పిల్లకు ఏడుపొచ్చేసింది. నిచ్చెన గట్టిగా పట్టుకుని అడిగింది.

"ఎ... ఎవరది?"

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ప్రమిద వెలిగింది. దాని వెలుగులో, గోదాము వెనకింటి పట్టమ్మాళ్ అవ్వ ముఖం!

"నువ్వా అవ్వా! ఈడేం చేస్తా ఉండావు?"

"గరుడాళ్వారికి దీపం పెట్టను వచ్చినా." అవ్వ డేగ తల దేవుడికి భక్తిగా దండం పెట్టింది. "పెరుమాళ్ళ వాహనాన్ని గోడనిండా రాసినావు, ఒక దీపమన్నా పెట్టొద్దా? నువ్వు రాకముందునుంచీ దినమూ మాపటేళ వెనకతట్టు తలుపులోనుంచి అడ్డదారిన వస్తానే ఉండాను. మోకాళ్ళ నొప్పి... కూచుని ఊపిరి పీల్చుకుని పోతాను."

ఊరంతా భయపడిన ఊపిరి ఇదా! హేమమాలిని నిచ్చెన మీదే పగలబడి నవ్వింది. అవ్వ కూడా బోసినోటితో నవ్వింది.

"గుండె ఆగిపోయింది అవ్వా! తుమ్మినావు సరే, నిన్ను నువ్వే దీవించుకుంటారా ఎవరైనా?"

అవ్వ నవ్వు ఆగింది.

"నేను యాడ తుమ్మినా? నువ్వు తుమ్మినావనే కదా దీవించినా..."

"నేను... తుమ్మలేదు."

ఇద్దరూ మెల్లగా గోడవైపు తిరిగారు. ప్రమిద వెలుగులో రాజు ముక్కు దగ్గర తడిరంగు మెరుస్తోంది.

అవ్వ దీపం అక్కడే వదిలేసి, మోకాళ్ళ నొప్పి కూడా మరిచి ఉరికింది. హేమమాలిని మాత్రం కదల్లేదట. కుంచె ముంచి, దేవుడి చేతిని రాజు ముక్కుకు బెత్తెడు ఎడంగా జరిపి వేసింది.

"చాలు సామీ," అని గొణిగింది, "ఆయనకి ఇచ్చిన ఊపిరి చాలు. మిగిలింది నాకియ్యి."