వెనక సీటు బరువు

కడిగిన కేకు గిన్నెలను అతడు ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి బల్ల మీద బోర్లిస్తున్నాడు. తడి మిగిలితే అంచులు తుప్పుపడతాయని అమ్మ పోరు పడలేక, సెలవు రోజైనా పొద్దున్నే ఆ పని అతడే చేస్తాడు. పొయ్యి పక్కన అమ్మ ఫోన్లో మాట్లాడుతోంది.

"లేదండీ, అంతస్తుల కేకులు ఇకమీదట చేయదలుచుకోలేదు. ఇవాళ ఇచ్చేదే ఆఖరిది. చిన్నవి కావాలంటే చేసి పెడతాను, మీరే వచ్చి పట్టుకెళ్లాలి."

గుడ్డ పట్టుకున్న చేయి ఆగింది. పెళ్లికి కేకు కావాలంటే చుట్టుపక్కల ఎవరైనా అమ్మ దగ్గరికే వస్తారు. నాన్న పోయాక ఇల్లు నిలబడింది కూడా ఆ కేకుల మీదే.

టీ కప్పుతో వస్తున్న అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఆఖరిదేంటమ్మా?"

"ఓపిక లేదే. వయసు మీద పడుతోంది కదా."

"మొన్న మెట్ల మీద నన్ను దాటుకుని పోయి మరీ వెక్కిరించావు. మొన్న లేని వయసు ఇవాళ ఎక్కడినుంచి ఊడిపడింది? అయినా ఈ ఉక్కలో పొడుగు చేతుల చొక్కా ఏంటి నీకు?"

అమ్మ పక్కకి తప్పుకోబోయింది. అక్క ఊరుకోలేదు, కప్పు కింద పెట్టి చొక్కా చేతులు పైకి లాగింది. మోచేతుల కింద, రెండు చేతులకీ అడ్డంగా, నల్లగా కమిలిన చారలు.

"కారులో కేకు పెట్టె అదరకుండా పట్టుకున్నానులే. అదేం పెద్ద దెబ్బ కాదు," అంది అమ్మ.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "చూశావా నీ కారు ఘనకార్యం?"

"నా కారేం చేసింది?"

"ఉన్నదే బుల్లి కారు. దాన్ని నేలకి ఆనించి వీధుల్లో పరిగెత్తిస్తున్నావు. రాయి తగిలితే నడుము విరుగుతోంది."

అతడికి ఒళ్లు మండింది. "తెలియకపోతే మాట్లాడకక్కా. అందరిలా పాత స్ప్రింగులు కోయించి పారేశానా? కారు ఎత్తు తగ్గాలి, మెత్తదనం పోకూడదు అనే కదా అన్నాళ్లు వెతికాను. స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ ఒకదానికొకటి సరిపోయే సెట్టు ఏరి కొన్నాను. బిగించాక ఎత్తు దించిన ప్రతిసారీ అమ్మనే అడిగాను. బాగుంది అంది. బాగుందన్నాకే ఇంకాస్త దించాను."

"ఆసుపత్రి తిండి కూడా బాగుందనే అంది అమ్మ. పక్కింటావిడ పాట కూడా బాగుందంది. ఆ మాట పట్టుకుని కారు దించుతావా?"

"మరి ఎవర్ని అడగమంటావు, నిన్నా? కారెక్కిన మరుక్షణం గురకపెట్టే మనిషివి."

"ఇవాళ మెలకువగానే ఉన్నాను. తాళాలు ఇటు పడెయ్. నేను నడుపుతాను, నువ్వు వెనక కూర్చుని కేకు పట్టుకో. అమ్మ ఇంట్లోనే ఉంటుంది."

అతడు తాళాలు బల్ల మీదికి విసిరాడు.

కొన్న దగ్గరినుంచి ఆ కారు వెనక సీట్లో అతడు ఒక్కసారి కూడా కూర్చోలేదు. మోకాళ్ల మీద కేకు పెట్టె గడ్డం దాకా వచ్చింది. పాఠశాల ముందున్న స్పీడ్ బ్రేకర్‌ని అక్క నెమ్మదిగానే ఎక్కించింది. అయినా దిగేటప్పుడు వెనక చక్రాల దగ్గర ధన్‌మని మోగింది. పెట్టె ఎగిరింది. ఆలోచించేలోపే అతడి చేతులు దాని కిందికి వెళ్లి గాల్లోకి ఎత్తి పట్టుకున్నాయి. అట్ట అంచు మోచేతుల కింద కోసుకుపోయింది.

ఆ మోత ఏమిటో అతడికి తెలుసు. స్ప్రింగు కదలడానికి చోటు అయిపోతే, ఆఖరున ఉండే రబ్బరు దిమ్మకి తగిలి మోగుతుంది. వర్క్‌షాపులో ఎత్తు కొలిచిన ప్రతిసారీ ముందు సీట్లో తనే ఉన్నాడు, వెనక ఖాళీ. ఇక్కడ ఒక మనిషీ, ఇంత కేకూ ఉంటాయన్న ఊహే అతడికి రాలేదు. డ్రైవరు సీట్లో పాటల హోరులో ఈ మోతని కారు పౌరుషం అనుకుని మురిసిపోయాడు.

"బాగుందా?" ముందునుంచి అక్క అడిగింది.

అతడు పెట్టెని మెల్లగా మోకాళ్ల మీదికి దించుకున్నాడు.

"మాట్లాడవేం? నీ స్ప్రింగులు కాదురా, ఇన్నాళ్లూ అమ్మ చేతులే పని చేశాయి."

కేకు చెక్కుచెదరకుండా పెళ్లివాళ్లకి చేరింది. తిరిగి ఇంట్లో అడుగుపెడుతూనే అతడి కోపం అమ్మ మీదికి మళ్లింది.

"ఎందుకు అబద్ధం చెప్పావు? అడిగినప్పుడల్లా బాగుందన్నావు. ఒక్కసారి బాగోలేదు అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"అలా గట్టిగా అడుగు," అని వంతపాడింది అక్క. "నాకూ చెప్పలేదుగా."

అమ్మ చేతిలో ఉన్న గరిటె బల్ల మీద పెట్టింది. ఆమె గొంతు పెంచడం వాళ్లు విని చాలా కాలమైంది.

"అడిగావు, నిజమే. అద్దంలో వెనక్కి ఒక్కసారి చూసి అడిగావా? రోడ్డు మీదే కళ్లు పెట్టి, నవ్వుతూ, బాగుంది కదమ్మా అన్నావు. అది అడగడమా? నాన్న పోయాక ఈ ఇంట్లో నోరు విప్పావా నువ్వు? పెట్టింది తిన్నావు, తలుపేసుకున్నావు. ఆ స్ప్రింగుల సామాను వచ్చిన రోజు మాత్రం హాలంతా పరుచుకుని, ఇది దేనికి, అది దేనికి అని నాకు ఆపకుండా చెప్పావు. ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. కొడుకు మాట్లాడుతున్నాడు, అంతే చాలనుకున్నాను. ఏ నోటితో బాగోలేదని చెప్పమంటావు?"

"అందుకని పని మానేస్తావా?" అతడి గొంతు తగ్గింది.

"మానేస్తే చేతులు బాగుపడతాయిరా. నువ్వు మళ్లీ తలుపేసుకుంటే ఎవరు బాగుచేస్తారు?" అమ్మ మొహం తిప్పుకుంది. "ఇప్పుడు ఇద్దరూ ఒకటై నన్ను నిలదీస్తున్నారు. నిలదీయండి."

అక్క కోపమంతా కారిపోయింది. నొప్పుల మందు తెచ్చి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, కమిలిన చేతిని ఒళ్లోకి తీసుకుంది. అమ్మ మందు మండిందని మూలిగింది. బాగుంది అనలేదు.

అతడి కళ్లు మసకబారాయి. చూడకుండా ఉండలేక, చూడలేక, సామాన్ల గదిలోకి వెళ్లాడు. పంచదార బస్తా భుజానికెత్తుకుని వాకిట్లోకి నడిచాడు. దాన్ని వెనక సీట్లో, అమ్మ కూర్చునే చోటే దించి బెల్టు పెట్టాడు. మళ్లీ వచ్చి రెండో బస్తా ఎత్తాడు.

"ఒరేయ్, అవెందుకు? ఎక్కడికి తీసుకెళ్తున్నావు?" అమ్మ కుర్చీలోంచి లేవబోయింది.

అక్క ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది. బల్ల మీదున్న తాళాలు తీసి, చేతులు ఖాళీగా లేని తమ్ముడి చొక్కా జేబులో వేసింది. సెలవు రోజైనా వర్క్‌షాపు సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. ఈసారి ఎత్తు కొలిచేటప్పుడు వెనక సీటు ఖాళీగా ఉండదు. అతడు ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా, భుజం మీది బరువు సర్దుకుని, గుమ్మం దిగి వెళ్లిపోయాడు.