హెడ్‌సెట్ పెట్టుకున్న టీచర్

"ఏమప్పా, ఈ షాపు నీదేనా?"

యేసుదాసు తలెత్తాడు. ఆళ్లగడ్డలోని అతని గేమింగ్ సెంటర్ గుమ్మంలో ఒక అమ్మాయి గొడుగు మడుస్తోంది. వానకు సగం తడిసింది. కోపం మాత్రం చల్లారలేదు.

"నాదే. గంట ఆడతారా?"

"ఆడేదానికి రాలేదు. నేను స్కూల్ టీచర్ని, పరంజ్యోతి. మా ఐదో తరగతి పిల్లోళ్లు సాయంత్రమైతే ఈడనే ఉంటాండారంట. ఆ తుపాకుల ఆట పిల్లలకు తగునా తగదా చూసి, శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పాల."

యేసుదాసు లోపలి కుర్చీల వైపు చూశాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పిల్లలే. వాళ్లు రాకపోతే షాపు మూతే. అయినా అమ్మాయి బాగుంది. రెండూ ఒకేసారి తోచడం అతని ఖర్మ!

"ఊరికే చూస్తే ఏం తెలుస్తాది టీచర్? ఆడి చూడండి."

బడి అయ్యాక, నంద్యాలలోని ఇంటికి పోయే బస్సు వచ్చేలోపు ఆమె రోజూ వచ్చి ఆడింది. మొదట్లో గోడలకు గుద్దుకుంది.

"ఎదుటోన్ని కాల్చకుంటే కుదర్దా?"

"వాడు మిమ్మల్ని కాలుస్తాడు టీచర్."

"అడిగి చూద్దాం."

నవ్వు ఆపుకోలేక యేసుదాసు టీ నెపంతో బయటికి పోయేవాడు. టీలు మాత్రం రెండు తెచ్చేవాడు.

"రక్తం పెద్దగా కనపడదు. పడినోడు మళ్లీ లేస్తాడు. అంత భయపడేదేం లేదులే," అంది గురువారం. అతను ఆమెను బస్సెక్కించి, ఈల వేసుకుంటూ వెనక్కి వచ్చాడు.

శుక్రవారం ఆమె హెడ్‌సెట్ అడిగింది. పిల్లలందరూ పెట్టుకుంటున్నారు కదా!

"అన్నా, కొంచెం నిదానంగా పోండి, నేను కొత్త," అంది ఆన్‌లైన్‌లో తన టీమ్‌లోని వాళ్లతో.

అంతలోనే ఆమె ముఖం మారిపోయింది. హెడ్‌సెట్ తీసి అతని చెవులకు పెట్టింది.

అవతల ఎవడో పెద్ద మగవాడు. ఆడ గొంతు విని అడగరానివన్నీ అడుగుతున్నాడు. యేసుదాసుకు సిగ్గుతో తల వంగిపోయింది. ఇన్నాళ్లూ పిల్లల స్క్రీన్లు చూశాడు గానీ, వాళ్ల చెవుల్లో ఏం పడుతోందో ఎప్పుడూ వినలేదు.

"వాయిస్ ఆఫ్ చేస్తా టీచర్."

"నువ్వు చేస్తావు. ఇంటికి పోయి ఫోన్లో పిల్లోడే ఆన్ చేసుకుంటాడు. రేపు తగదనే చెప్తా."

"నా షాపు పోతాది."

"తెలుసు."

"నా కోసమన్నా..."

"నీ కోసమని అబద్ధం చెప్పినాననుకో, రేపు నా మాట నువ్వే నమ్మవు." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రోజు బస్సుకు ఒంటరిగానే పోయింది.

శనివారం మీటింగ్‌లో పరంజ్యోతి లేచిందో లేదో, వెనక వరసలోంచి యేసుదాసు లేచాడు.

"టీచర్, నన్ను చెప్పనియ్యండి. ఈ ఆట పిల్లోళ్లకు తగదు. తుపాకులకంటే దాంట్లో మాట్లాడే మొగోళ్లతోనే భయం. మీ ఇండ్లల్లో గూడా ఫోన్ చెవిన పెట్టుకొని ఒకసారి వినండి. నా షాపులోకి ఇంక పిల్లోళ్లను రానియ్యను."

"మరి ఎట్ల బతుకుతావు నాయనా?" అంది మనవడి కోసం వచ్చిన అనసూయమ్మ.

"జనాలకు ప్రింట్లు తీసిస్తా, ఆన్‌లైన్‌లో అప్లికేషన్లు పెట్టిస్తా. ఎట్లనో బతుకుతాలే అవ్వా."

బయట మళ్లీ వాన. బస్సు మెట్ల దగ్గర పట్టుకున్నాడు ఆమెను.

"ఇంక ఆడేదానికి రారు గదా టీచర్?"

"రాను."

"మీరంటే నాకు చానా ఇష్టం. నేనే నంద్యాల వస్తే?"

ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగింది. "ఒక్కడివే వద్దు, మీ అమ్మను పిల్చుకొని రా. ఆదివారం చర్చి అయినాక మా నాయన ఇంట్లోనే ఉంటాడు. అడిగేదేమన్నా ఉంటే ఆయన్నే అడుగు. నేనెప్పుడో ఒప్పుకున్నా."

బస్సు కదిలింది. అతను వెంట పరుగెత్తాడు.

"మీ ఇల్లు యాడ టీచర్?"

"ముందు ఆ టీచర్ అనేది మానుకో!" అంది పరంజ్యోతి కిటికీలోంచి.