బొటనవేలు పట్టి లేపే బ్రదర్

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డులో ఫాదర్ల బడి ఉంది. మగపిల్లల హైస్కూలు. పగలు ఎవరైనా పోవచ్చు, రావచ్చు. పొద్దుగూకాక మాత్రం దాని వెనకున్న హాస్టల్ వైపు ఎవరూ తలతిప్పి చూడరు. అక్కడ నిద్రపోయినవాడి కాలి బొటనవేలు ఎవరో పట్టుకుంటారు... మెల్లగా లాగుతారు... "లేయ్ నాయనా, పోయి రా" అని గుసగుసగా అంటారు.

మొన్న ఎలక్షన్లలో డ్యూటీకి వచ్చి అక్కడ పడుకున్న కానిస్టేబుల్ ఒకాయన బూట్లు వదిలేసి పరిగెత్తి, తెల్లారేదాకా రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చున్నాడు. మంచాలు అతికించడానికి వచ్చిన వెల్డర్ అయితే తన మిషన్ కోసం కూడా వెనక్కి రాలేదు, మర్నాడు పట్టపగలు మనిషిని పంపి తెప్పించుకున్నాడు.

ఆ చెయ్యి ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. రాయప్ప బ్రదర్‌ది. పెళ్ళీ పిల్లలూ లేని సన్యాసి, ఒక తరం పిల్లల్ని ఆ హాస్టల్లో పెంచి పెద్దచేశాడు. కరోనాలో ఆయన్ని మద్రాసు ఆస్పత్రికి తీసుకుపోయారు. కొన్నాళ్ళకు పోయాడని కబురొచ్చింది. ఆ రోజుల్లో ఎవరు పోయారో, ఎవరు మిగిలారో, పోయి చూసిందెవరు? హాస్టల్ కూడా అప్పుడే మూతపడింది. ఒకప్పుడు చోటు చాలక వరండాలో కూడా చాపలు పరిచిన బడి అది. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం బస్సులు పల్లె పల్లెకూ వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయి.

అట్లాంటి చోట ఒక రాత్రి పడుకుంటానని కొండలయ్య వచ్చాడు.

అనంతసాగరం పక్క పల్లె అతనిది. గొర్రెలు మేపుకునే మనిషి. చిన్నప్పుడు ఆ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాడు. భార్య నిరోష పోయి ఏడాది దాటింది. మేత కోసం మందను తోలుకొని కోవూరు పక్క మళ్ళల్లోకి దిగాలి. దిగితే నెలల తరబడి ఇంటి ముఖం చూడడానికి ఉండదు. ఆరో తరగతికొచ్చిన కొడుకు వంశీని ఎక్కడో ఒకచోట పెట్టాలి, లేదంటే వాడూ గొర్రెల వెంట నడవాల్సిందే. చదువు అంతటితో సరి. కొత్తగా వచ్చిన హెడ్మాస్టర్ శాంతికుమార్ ఫాదర్ హాస్టల్ మళ్ళీ తెరుస్తానంటున్నాడు గానీ, దెయ్యానికి భయపడి ఒక్కరూ పిల్లల్ని పంపడం లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. తల్లి పోయినప్పట్నుంచి వంశీ రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు. ఆ మాట కొండలయ్య ఎవరితోనూ అనలేదు.

"ఒక రాత్రి నేను పండుకొని చూస్తా ఫాదర్. ఏం లేదనుకుంటే పొద్దన్నే పిల్లోణ్ణి తెచ్చి వదిలిపెడతా," అన్నాడు.

"దెయ్యమేంది కొండలయ్యా! గబ్బిలాలుంటాయేమో," అని నవ్వి ఫాదర్ తాళంచెవి చేతికిచ్చాడు.

ఎవరి దెయ్యమో కొండలయ్య ఫాదర్‌కు చెప్పలేదు. అసలు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అంతటి బ్రదర్ దెయ్యమయ్యాడని ఫాదర్ల ముందు అనడానికి నోరెట్లా వస్తుంది?

హాలు నిండా ఇనప మంచాలు. పరుపుల్లేవు, పిల్లల్లేరు. తను చదువుకున్నప్పుడు దీపాలు ఆర్పాక కూడా గుసగుసలు ఆగేవి కావు. ఇప్పుడు తన ఊపిరే తనకు వినపడుతోంది. గాలి కోసం వరండా తలుపు తీసిపెట్టి, లోపలి చివరి మంచం మీద కండువా పరుచుకొని పడుకున్నాడు. ఇంట్లోనైనా అంతేగా, పక్కన చాప ఖాళీ... భయం కన్నా ముందు దిగులు వచ్చి కూర్చుంది గుండెల మీద. ఆ దిగులులోనే కన్నంటుకుంది.

మెలకువ వచ్చింది.

ఎందుకు వచ్చిందో తెలియలేదు. చీకటి... కటిక చీకటి. తర్వాత వినపడింది — చెప్పులీడుస్తూ నడిచే చప్పుడు. హాలు ఆ చివర, తలుపు వైపు నుంచి.

చప్పుడు ఆగింది. మంచం కోడు మీద చెయ్యి పడ్డట్టు చిన్న మోత. గుసగుస... "లేయ్ నాయనా."

ఎవరూ లేవలేదు. లేవడానికి ఎవరున్నారు గనక? ఎవరో లేస్తారని ఎదురుచూసినట్టు ఆగి... మళ్ళీ చెప్పుల చప్పుడు. తర్వాతి మంచం. "లేయ్ నాయనా."

ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ అది ఇటే వస్తోంది.

నక్కలకూ తేళ్ళకూ జంకని కొండలయ్య కాళ్ళు ముడుచుకుందామంటే కాళ్ళు మాట వినలేదు. పక్క మంచం... ఆ మంచం కూడా అయిపోయింది.

అతని పాదాల దగ్గర చప్పుడు ఆగింది.

ముందు వేలికొసలు తగిలాయి. తడుముతూ వచ్చి... బొటనవేలు పట్టుకున్నాయి. ఒక్కసారి మెల్లగా లాగాయి.

"లేయ్ నాయనా. పోయి రా."

కొండలయ్య కేక పెట్టలేదు. లేచాడు. భయం భయంగానే ఉంది గానీ ఒళ్ళు తనంతట తానే లేచింది. చిన్నప్పుడు రోజూ లేచినట్టే. అప్పట్లో కొండలయ్య కూడా పక్క తడిపేవాడు. తడిసిన దుప్పటి చూస్తే పిల్లలు ఊరుకుంటారా, వారం రోజులు ఏడిపించి చంపుతారు. అందుకే బ్రదర్ అందరూ నిద్రపోయాక వచ్చి, రెండో కంటికి తెలియకుండా బొటనవేలు పట్టి లేపేవాడు. వరండా మెట్టు మీద నిలబడి, పిల్లాడు ఒంటికి పోసి వచ్చేదాకా కాపు కాసేవాడు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ కొండలయ్య దుప్పటి తడవలేదు.

ఇప్పుడూ అట్లాగే గోడ పక్కకు పోయి వచ్చాడు. వచ్చేసరికి ఆ ఆకారం మెట్టు మీదే ఉంది. మాయం కాలేదు.

"బ్రదర్... నేను కొండలయ్యను. గొర్రెలోళ్ళ కొండలయ్యను."

కొండలయ్య ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"మా వాడికీ నా మాదిరే ఉండాది బ్రదర్. వాళ్ళమ్మ లేదు. నేను మంద తోలుకొని పోవాల. వాణ్ణి ఈడ వదిలిపెడితే... దడుసుకోకుండా లేపుతారా?"

దెయ్యానికి బిడ్డను అప్పగించే తండ్రిని ఎక్కడన్నా చూశారా? ఆ క్షణాన కొండలయ్యకు చచ్చినవాళ్ళో బతికినవాళ్ళో పట్టలేదు. రాత్రిపూట తన బిడ్డ కోసం లేచేవాళ్ళు ఒకరుంటే చాలనిపించింది. ఏడుపొచ్చింది.

అప్పుడు ఆ గొంతు అడిగింది. "ఏ మంచం?"

"తలుపు పక్కది."

"మంచిది. రోజూ లోపలిదాకా నడవలేకుండా ఉండాను." పొడిదగ్గు వచ్చింది. ఆగకుండా వచ్చింది. "చెయ్యి ఇయ్యి నాయనా... మెట్టు కనపడ్డంలా."

కొండలయ్య చెయ్యి చాచాడు. చేతిలోకి వచ్చిన చెయ్యి ఎముకలగూడే. కానీ వెచ్చగా ఉంది. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటోంది.

రాయప్ప బ్రదర్ పోనేలేదు. మద్రాసులో బతికి బయటపడి, ఎక్కడెక్కడో మంచాన ఉండి, చివరికి బడి పక్కనున్న చర్చి వెనక గదిలోకి వచ్చి చేరాడు. పగలంతా మగతగా పడి ఉంటాడు. రాత్రి నిద్ర పట్టక లేస్తే కాళ్ళు పాత దారినే పడతాయి. ఆయనున్నాడని ఫాదర్లు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. పోయినవాడి యోగక్షేమాలు ఎవరడుగుతారు? ఇదంతా కొండలయ్యకు పొద్దున తెలిసింది. అప్పటికి మాత్రం, ఆ చెయ్యి వదలకుండా నిలబడ్డాడు.

"బ్రదర్... మీరు పోయినారని ఊరంతా అనుకుంటుండారే!"

ముసలాయన ఒక మెట్టు దిగాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"ఎవురూ రాకపోయేతలికి... నేనూ అట్లే అనుకున్నాలే నాయనా."