మూలగకండి, పట్టీ వింటుంది

సామర్లకోట స్టేషన్లో కశ్మీరు బండి కదలడానికి ఇంకా అరగంట ఉంది. హిమబిందు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని పెన్నుతో, కాగితం మీద ముప్ఫై ఒకటో చిట్కా రాస్తోంది.

"మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చిందా? సిగ్గుపడకండి. ఆగి, గోడ మీద ఏ పోస్టరుంటే దాన్ని శ్రద్ధగా చదవండి. నాడిపట్టీ దాన్ని ఆయాసం కింద రాసుకోదు, ఆసక్తి కింద రాసుకుంటుంది."

2073లో కాగితం మీద రాసేవాళ్ళంతా డెబ్బై దాటినవాళ్ళే. దానికో కారణముంది. చంటిపిల్లల దగ్గర్నుంచి అందరి మణికట్టుకీ నాడిపట్టీ ఉంటుంది. అది నాడి చూస్తుంది, నడక చూస్తుంది, మాట వింటుంది. పొద్దున్నే వందకి ఇంత అని ఓపికాంకం వేస్తుంది. ఏ మెట్లెక్కాలి, ఎంత దూరం వెళ్ళాలి అన్నీ ఆ అంకాన్ని బట్టే. యాభైకి దిగువన పడితే రైలు టికెట్టు దానంతటదే రద్దయిపోతుంది. పట్టీలొచ్చాక ప్రయాణాల్లో పెద్దవాళ్ళు కుప్పకూలడం తగ్గింది, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. కానీ పట్టీకి చెవులే గాని కళ్ళు లేవు. అందుకే కాగితం మళ్ళీ బతికింది.

హిమబిందుకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. ఆవిడ చిట్కాలు చేతిరాతలో ఊళ్ళు దాటి తిరుగుతున్నాయి. "పరీక్షకు ముందు పావుగంట నవ్వండి, అంకం నాలుగు పెరుగుతుంది. నవ్వు రాకపోతే పెళ్ళి ఆల్బం తీయండి." "బ్యాగు బరువుగా ఉంటే మనవణ్ణి మోయమనకండి, మీ బ్యాగు మీరు మోయలేరని పట్టీకి తెలుస్తుంది. పక్కింటాయన్ని పొగడండి, ఆయనే మోస్తాడు."

ఆవిడ పక్కన పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది సువార్త. ఇద్దరిదీ ఒకే డిపో, ఒకే ఈడు. ఇరవై ఏళ్ళుగా వీలు దొరికితే కలిసి తిరగడమే. ఒక్క మంచు మాత్రం చూడలేదు.

"పేరులోనే మంచు పెట్టుకుని ఇన్నాళ్ళకా చూడ్డం?" అంది సువార్త.

"మా నాన్న పేరు పెట్టాడు గానీ టికెట్టు పెట్టలేదుగా," అంది హిమబిందు. ఇద్దరూ నవ్వుకుంటూ బండెక్కారు.

లోపల తెర మీద ఇద్దరికీ పై బెర్తులు పడ్డాయి. ఇదేంటని హిమబిందు ఆ రైలుపెట్టె చూసుకునే నజ్మాను పిలిచింది.

"ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతండి," అంది నజ్మా. "కింది బెర్తులు ఓపిక తక్కువ ఉన్నోళ్ళకండి. మీ వయసోళ్ళ సగటు ఎనభై రెండండి. ముప్ఫై ఏళ్ళోళ్ళది అరవై ఒకటేనండి. నిద్రలుండవు కదండీ పాపం."

కింది బెర్తులో పడుకున్న కుర్రాడు, "సారీ అమ్మమ్మా, నాది యాభై మూడే," అన్నాడు. లేచి చోటిద్దామన్నా ఇచ్చే వీలు లేదు. పడుకున్నవాళ్ళ పట్టీ టికెట్టుతో కలవకపోతే బెర్తు ముడుచుకుపోతుంది.

హిమబిందుకు ముందు గర్వమే వచ్చింది. ముసలాళ్ళందరినీ ముప్ఫై ఏళ్ళవాళ్ళకంటే గట్టివాళ్ళని చేసేసింది తన చిట్కాలే! "ఎక్కవే, చూద్దాం మన ఎనభై రెండు," అంది.

సువార్త నిచ్చెన పట్టుకుని రెండు మెట్లెక్కి ఆగింది. ఎదురుగా గోడ మీద, కారణం లేకుండా గొలుసు లాగరాదు అన్న బోర్డుంది. దాన్ని చదవడం మొదలుపెట్టింది. చదువుతూనే ఉంది.

ఆ చిట్కా రాసిన మనిషికి అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? "ఒసే, దిగు," అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. గబగబా కాగితం తీసి రాసింది: ఎన్నాళ్ళ నుంచి?

సువార్త పెన్ను తీసుకుంది. నాలుగు నెలలు. ఛాతీలో బరువు. ఎడం చెయ్యి కూడా లాగుతోంది.

నాకెందుకు చెప్పలేదే?

చిట్కా పదిహేడు, అని రాసింది సువార్త.

మూలగకండి, పట్టీ వింటుంది. తోటివాళ్ళ నొప్పులు అడక్కండి, మీవి చెప్పకండి. పదేళ్ళ కిందట రాసిన చిట్కా అది. అప్పటినుంచీ పార్కుల్లో, పెళ్ళిళ్ళలో ముసలాళ్ళు ఎండల గురించి, ఎన్నికల గురించి మాట్లాడుకుంటున్నారు. మోకాళ్ళ ఊసెత్తేవాళ్ళు లేరు. అది తన గెలుపనుకుంది హిమబిందు. ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

దిగిపోదాం, అని రాసింది.

వద్దు. మంచు మంచని కలవరిస్తున్నావు. నా మూలాన నువ్వాగద్దు. పడుకుంటే సర్దుకుంటుంది, అని రాసిచ్చి, సువార్త మళ్ళీ నిచ్చెన పట్టుకుంది.

హిమబిందు మణికట్టు నోటి దగ్గరకి తెచ్చుకుంది. పెట్టె అంతా వినేలా మొదలెట్టింది.

"ఏవే పట్టీ, విను. నాకు తొంటి నొప్పి. ఆరేళ్ళుగా. కుడి మోకాలు వంగదు. పొద్దున లేస్తే మంచం అంచు పట్టుకుని పది నిమిషాలు నిలబడాలి. కళ్ళు తిరుగుతాయి. నీకు చెప్పినవన్నీ అబద్ధాలే."

ఎనభై ఒకటున్న ఆవిడ అంకం అరవై అయింది. తర్వాత నలభై ఎనిమిది. టికెట్టు రద్దు, అంది పట్టీ.

"నీకేం పుట్టిందే!" అని అరిచింది సువార్త.

పై బెర్తు నుంచి ఒక పెద్దాయన తల బయటపెట్టాడు. "అమ్మా, ఆ తొంటి నొప్పి మీక్కూడా నడుం దాకా పాకుతుందాండీ?" అనేసి, నాలిక కరుచుకుని తన పట్టీ వంక చూసుకున్నాడు. తర్వాత, "పోన్లెద్దురూ," అని మొత్తం చెప్పుకొచ్చాడు. అవతలావిడ వేలి కీళ్ళ సంగతి అందుకుంది. ఒకరి మాట మీద ఒకరు. పట్టీలు వరసగా మోగుతున్నాయి. నజ్మా పరిగెత్తుకొచ్చి ఏ పట్టీ మోగుతోందో వెతుక్కుంటూ అటూ ఇటూ తిరిగింది.

సువార్త కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. "నొప్పిగా ఉందే హిమా," అంది పైకే. "భయంగా ఉంది. చచ్చిపోతానేమోనే."

ఆమె పట్టీ ఇరవై రెండుకు దిగింది. ఆ మరుక్షణమే తనంతట తాను ఆస్పత్రి బండిని పిలిచింది. పదేళ్ళుగా ఎవరూ దాన్ని చేయనివ్వని పని అదే.

స్ట్రెచరు వచ్చి సువార్తను ప్లాట్‌ఫారం మీదికి దింపింది. హిమబిందు దాని కమ్మీ పట్టుకుని, కుంటడం దాచుకోకుండా పక్కనే నడిచింది. వెనక కశ్మీరు బండి కదిలింది. సువార్త ఏడుస్తోంది. "పాడుచేశాను. నీ మంచు చూడనివ్వలేదు."

"ఏడిశావులే. మంచు పోతే పోయింది," అంది హిమబిందు. "నువ్వు పోతే నేనెవరితో తిరగనే? ఇంకా ఎక్కడెక్కడ నొప్పో చెప్పు. అన్నీ చెప్పు."