అలవాటు ముద్ర

ఆద్య రెండో వాయ ఇడ్లీలు దించేసరికే ఆ రోజుకు కావలసిన పత్రాలన్నీ పూర్తయిపోయాయి. వంటింటి గోడలో అమర్చిన లేఖరి యంత్రం మీద పచ్చదీపం మిణుకుమన్నప్పుడల్లా ఒక ఒప్పందం కుదిరినట్టు. పాలవాళ్ళ పొడిగింపు, రంగనాయకి బడివాళ్ళ విహారయాత్రకు అనుమతి, అత్తగారి మోకాలి మందుల బీమా, పై అంతస్తు నీటి గొట్టం మరమ్మతుకు సమ్మతి. ఎవరూ ఏదీ చదవలేదు. ఎక్కడా సంతకం చేయలేదు.

సంతకాలు ఎప్పుడో పోయాయి. సంతకాన్ని దొంగిలించినవాళ్ళు తర్వాత వేలిముద్రను, ఆ తర్వాత ముఖాన్ని, గొంతును కూడా దొంగిలించారు. అప్పుడు త్వరితలేఖ అనే సంస్థ ఒక మాట కనిపెట్టింది: మనిషి అలవాటును ఎవరూ దొంగిలించలేరు. ఎవరు ఏం తింటారు, ఏం కొంటారు, దేనికి సరేనంటారు, దేన్ని వాయిదా వేస్తారు అన్నది ఏళ్ళ తరబడి కూర్చి, ప్రతి మనిషికీ ఒక అలవాటు ముద్ర తయారుచేసింది. అడిగినది ఆ ముద్రకు సరిపోతే రెప్పపాటులో పచ్చదీపం. క్యూలు లేవు, జిరాక్సులు లేవు, 'రేపు రండి' అనేవాళ్ళు లేరు. పూర్తయిన ప్రతి పత్రానికీ సంస్థకు రుసుము ముడుతుంది కాబట్టి అదీ పెరిగింది, జనమూ సుఖపడ్డారు. ఆద్య అత్తగారు మౌనిక, "నా వయసంతా జిరాక్సు షాపుల ముందే గడిచిపోయిందే" అని ఇప్పటికీ అంటూ ఉంటుంది.

"అమ్మా! లేఖరికి జ్వరమొచ్చింది!" అని అరిచింది పదకొండేళ్ళ రంగనాయకి.

ఆద్య తిరిగి చూసింది. ఎర్రదీపం. ఆ ఇంట్లో అది వెలగడం రంగనాయకి పుట్టాక అదే మొదటిసారి.

"కోరంగి మడ అడవుల కేంద్రంలో ఆరు నెలల శిక్షణ, నివాసం అక్కడే" అని మర్యాదగా చదివింది లేఖరి. "ఈ కోరిక ఆద్య గారి అలవాటుకు సరిపోవడం లేదు. ఆమె పేరు మీద మరెవరో అడుగుతున్నట్టు అనుమానం. మీ క్షేమం కోసం ఆపివేశాం."

రిత్విక్ ఇడ్లీ తుంపుతూ ఆగిపోయాడు. "మరెవరో ఏమిటి? అడిగింది నువ్వే కదా?"

"నేనేనండీ."

కాకినాడ వైపు సముద్రం ముందుకు వస్తున్నకొద్దీ మడ మొక్కలు పెంచే మనుషుల కోసం ప్రభుత్వం వెతుకుతోంది. ఆద్య వృక్షశాస్త్రం చదివింది. చదువు అయిపోయాక ఆమె పెంచినదల్లా బాల్కనీలో కరివేపాకు, మందారం. కోరంగి ప్రకటన చూసినప్పుడు తను ఒక్కతే ఉన్న గదిలో, "నేను వెళ్తాను" అని పైకి అనేసింది. ఇంట్లో చెప్తే ఎవరూ కాదనలేదు. "దోమలకు పండగే" అని మొగుడు నవ్వాడు. "బురదలో జారి పడకు అమ్మాయ్" అంది అత్తగారు. అడ్డుపడింది లేఖరి ఒక్కటే. శుక్రవారం సాయంత్రానికి సమ్మతి చేరకపోతే ఆ సీటు మరొకరికి వెళ్ళిపోతుంది.

కాకినాడ భానుగుడి సెంటర్లో త్వరితలేఖ వారి కార్యాలయంలో మనిషి కూర్చునే గది ఒకే ఒక్కటి. అందులో కామేశ్ అనే ఉద్యోగి వాళ్ళ ముగ్గురికీ కుర్చీలు చూపించాడు. రంగనాయకిని బడికి పంపి, మొగుణ్ణీ అత్తగారినీ వెంటబెట్టుకుని వచ్చింది ఆద్య.

"ఇది మిమ్మల్ని కాపాడడానికే మేడమ్" అన్నాడు కామేశ్.

"ఎవరి నుంచండీ?"

"మీ పేరు వాడుకునేవాళ్ళ నుంచి."

"నా పేరు నేనే వాడుకుంటున్నాను కదా?"

"అదే నిరూపించాలి మేడమ్. ఇంట్లోవాళ్ళు చెప్తే చాలు."

బల్ల మీద కుంకుమ భరిణె అంత పరికరం ఒకటి ఉంది. నిజస్వరి అంటారు. మాట్లాడేవాళ్ళ గొంతులో నిజం ఉంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా వెలుగుతుంది. ఎంతటి నటుడైనా దాన్ని మోసం చేయలేడని కామేశ్ కొంచెం గర్వంగానే చెప్పాడు.

ముందు మౌనికను అడిగాడు. "మీ కోడలు గారికి ఏది ఇష్టమో చెప్పండమ్మా."

"మాడు" అంది ఆవిడ తడుముకోకుండా. "గిన్నె అడుగున మాడిన అన్నం. కాపురానికి వచ్చిన కొత్తలోనే గమనించాను. ఇంకెవరికీ పెట్టనివ్వను, దాని కోసమే తీసి ఉంచుతాను."

పచ్చదీపం.  కొత్త కోడలిగా ఆద్య ఒకసారి పారేయడం ఎందుకని తిన్నది అది. అత్తగారు ఎంతో ప్రేమగా ఇన్నేళ్ళూ దాచిపెడుతూ ఉంటే వద్దని చెప్పే సందు దొరకలేదు.

"సార్, మీరు చెప్పండి. మీ మిసెస్ తన కోసమే ఏదైనా అడగడం మీకు గుర్తుందా?"

"ఎందుకు లేదు?" అని మొదలుపెట్టాడు రిత్విక్. "మొన్న గ్రైండరు…" ఆగాడు. గ్రైండరు అందరి కోసం. "తిరుపతి…" అక్కడికి వెళ్ళింది రంగనాయకి మొక్కు తీర్చడానికి. అతను పైకప్పు వైపు, తర్వాత భార్య వైపు చూశాడు. ఆ చూపులో అబద్ధం వెతుక్కుంటున్న మనిషి ఉన్నాడు. చివరికి తల దించుకుని, "గుర్తు రావడం లేదండీ" అన్నాడు. పచ్చదీపం.

"మాకు తెలిసిన ఆద్య గారు ఇది అడగరు" అన్నాడు కామేశ్ బాధగానే. "నేనేం చేసేది మేడమ్? ముద్ర మార్చుకోవచ్చు, కానీ దానికి కొన్నేళ్ళు పడుతుంది. మీకోసం మీరు అడుగుతూ ఉండాలి. అడిగినప్పుడల్లా ఎర్రదీపం వస్తుంది. రానివ్వాలి."

"శుక్రవారానికి?"

అతను గొంతు తగ్గించాడు. "ఎవరి కోసం అన్న చోట మీ పేరు తీసేయండి. పాప చదువు కోసం అని పెడదాం."

అతని మాట పూర్తికాక ముందే బల్ల మీది లేఖరిలో పచ్చదీపం వెలిగింది.

ఆద్య పత్రం మొత్తం తెరిపించి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఆ గదిలో ఎవరైనా పత్రం చదవడం కామేశ్ చూసి ఎరగడు. అతను గడియారం చూసుకున్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఆమె ఒక చోట వేలు పెట్టి ఆగింది. కోరంగిలో తల్లి ఉండడం కూతురికి అవసరమేనా అని రోజూ సాయంత్రం కూతురినే అడుగుతారు. ఇంటి లేఖరిలోని నిజస్వరి ఒప్పుకోకపోతే పడవ తల్లిని ఇంటికి తీసుకువస్తుంది. అలా రెండోసారి జరిగితే సీటు రద్దు.

"చిన్నపిల్ల రోజూ ఈ పరీక్ష రాయాలా?"

"ఒక్క మాటే కదా మేడమ్. అలవాటైపోతుంది."

పాప చదువు పేరు మీద వెళ్ళిన కోరంగిలో ఆద్యకు మోకాలి దాకా బురద, తల నిండా ఉప్పుగాలి. మడ జాతి ఉప్పుపొన్న గింజలు చెట్టు మీదే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, ఎదిగాక బురదలోకి జారతాయి. వాటిని ఏరి, పుచ్చువి తీసేసి, ఆటుపోట్లు తగిలే మడుల్లో నాటడం ఆమె పని. వేలితో నొక్కి ఏది బతుకుతుందో చెప్పగలుగుతోందని అక్కడి పెద్దాయన మెచ్చుకున్నాడు. ఆ రోజు ఆమె అందరికన్నా ముందు కంచం పెట్టుకుని తింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ కేంద్రం ఉన్న దీవికి పడవే దారి. పడవకు పత్రమే చుక్కాని.

సాయంత్రం కేంద్రం గేటు దగ్గర గోడలోని లేఖరిలో రంగనాయకి గొంతు వినిపించేది.

"అమ్మ అక్కడ ఉండడం నీకు అవసరమేనా?"

"అవసరమే." పచ్చదీపం. తర్వాత తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడానికి కొంచెం సేపు ఇచ్చేవాళ్ళు. "నాన్నమ్మ చారులో ఉప్పు మర్చిపోయిందమ్మా, నాన్న లొట్టలేసుకుంటూ తాగాడు" అని రంగనాయకి నవ్వించేది.

ఒక సాయంత్రం ఆ పిల్ల, "అవసరమే" అంది. దీపం ఎర్రబడింది.

"అవసరమే! అవసరమే అంటున్నాగా!" అని ఇంకా గట్టిగా అరిచింది. ఎర్రదీపం అలాగే ఉంది. కాసేపటికి మనిషి లేని పడవ రేవులోకి వచ్చి ఆగింది.

ఆద్య ఇంటికి చేరేసరికి రంగనాయకి తల్లి నడుము పట్టుకుని ఏడ్చింది. బడిలో ప్రాణ స్నేహితురాలు మాట్లాడడం మానేసిందట. ఇంటికొచ్చి చెబుదామంటే వంటింట్లో ఎవరూ లేరట. ఏడ్చి ఏడ్చి, అంతలోనే తల్లిని తోసేసింది. "నేనే పాడుచేశాను. ఇంకోసారైతే నీ సీటు పోతుంది కదా?"

"పోతే పోనీ. నువ్వేం పాడుచేశావే పిచ్చి మొహమా!"

"పోతే పోనీ అనకు. నీకు అక్కడ ఎంత బాగుందో నీ గొంతులో తెలుస్తోంది. నాకూ తెలుస్తుంది, ఆ డబ్బాకే కాదు." ముక్కు తుడుచుకుంది. "నేను నేర్చుకుంటాలే."

"ఏం నేర్చుకుంటావు?"

"నువ్వు గుర్తు రాకుండా ఉండడం."

ఆద్య రెండు రోజులపాటు వెళ్ళనంటూనే ఉంది. రిత్విక్, "చిన్నపిల్ల మాటలవి, దాన్ని నేను చూసుకుంటాను" అన్నాడు. రంగనాయకి తనంతట తనే లేఖరి ముందు నిలబడి అమ్మ అక్కడ ఉండడం అవసరమేనంది. దీపం పచ్చగా వెలిగింది. పడవ వచ్చింది. కాదని ఎలా చెప్పాలో ఆద్యకు ఎప్పుడూ తెలియదు.

తర్వాత ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. అత్తగారి దగ్గర నుంచి కబుర్లు వచ్చేవి. "నీ మంచం మీద పడుకోవడం మానేసింది అమ్మాయ్. నీ చీర ఒకటి దిండు కింద పెట్టుకునేది, మడత పెట్టి బీరువాలో పెట్టేసింది. ఏడుపొస్తే ఎక్కాలు చదువుకుంటోంది. బుద్ధిమంతురాలైపోయిందే." మౌనిక గొంతులో మెచ్చుకోలు ఉంది. ఆద్య చేతిలోని మొలకను ఎంత గట్టిగా పట్టుకుందంటే అది విరిగింది.

"అవసరమే" అన్న మాట రోజురోజుకూ చదునైంది. ఉప్పు మర్చిపోయిన చారు కబుర్లు ఆగిపోయాయి. "హోంవర్కు ఉందమ్మా, పెట్టేస్తున్నాను." ఒకరోజు లేఖరి సంతోషంగా ప్రకటించింది: "మీ కుటుంబంలో ఈ అలవాటు స్థిరపడింది. మీ సౌకర్యం కోసం ఇకపై రోజూ అడగడం మానేస్తున్నాం." ఆ సాయంత్రం నుంచి గేటు గోడ పలకలేదు. ఆద్యే ఫోన్ చేస్తే, "ఏమైనా పనుందా అమ్మా?" అనేది రంగనాయకి. పని ఏదీ తట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం మడి మధ్యలో వంగి ఉన్న ఆద్య నిటారుగా లేచి నిలబడింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా గేటు దగ్గరికి నడిచింది.

"ఇంటికి పడవ కావాలి."

"ఎవరి కోసం?" అంది లేఖరి.

"నా కోసం. నాకు నా కూతురిని చూడాలని ఉంది."

ఎర్రదీపం. "ఇది మీ అలవాటుకు సరిపోవడం లేదు. శిక్షణ మీ కూతురి అవసరం. మధ్యలో వెళితే ఆమెకే నష్టం. ఆమెకు మీరు ఇంట్లో అవసరమని చెబితే పడవ వెంటనే వస్తుంది. అడగమంటారా?"

"అడుగు" అంది ఆద్య. చెమటో మరేదో కళ్ళలోకి దిగుతోంది. బురద చేతులతో తుడుచుకోలేకపోయింది.

బడి లేఖరి నుంచి గంట, పిల్లల కేకలు, తర్వాత దగ్గరగా ఒక ఊపిరి వినిపించాయి.

"రంగనాయకీ, మీ అమ్మ గారు ఇంటికి రావడం నీకు అవసరమా?"

ఆద్య గోడకు చెవి ఆనించింది. ఒక్క 'అవును' చాలు. అబద్ధమైనా చాలు అనుకుంది, అబద్ధం పనికిరాదని మరిచిపోయి.

"లేదండీ" అంది రంగనాయకి, నిలకడగా. "నేను బాగానే ఉన్నాను. అమ్మని పని చేసుకోనివ్వండి."

గోడ మీద పచ్చదీపం వెలిగింది.