వెండి రంగు చైన్లు

అది 2006. దసరాకి యంత్రాల పూజ అంటే మా సైట్లో పెద్ద హడావుడి. పాల్వంచ అవతల కొత్త షెడ్డు కడుతున్నారు, నేను క్రేన్ ఆపరేటర్ భానుని. ఈసారి క్రేన్ కడిగి ఊరుకోలేదు. బరువులెత్తే చైన్లన్నిటికీ వెండి రంగు వేశాను. అబద్ధమెందుకు, కొత్తగా వచ్చిన సేఫ్టీ మేడం సువర్ణ మెచ్చుకోవాలనే వేశాను.

పండగ ముందురోజు ఆమె తనిఖీకి వచ్చింది. చైన్లను చూసింది, నన్ను చూసింది.

"ఎవరు ఏసిండ్రు ఈ రంగు?"

"నేనే మేడం!" ఛాతీ విరుచుకున్నాను.

"మొత్తం గీకెయ్యండి."

"పండుగ పూట గట్లంటరేంది? ఎంత కష్టపడి ఏసిన్నో!"

"కష్టం కనబడతాంది. లింకులే కనబడతలేవు. రంగు కింద పగులుంటే నేనెట్ల చూడాలె?"

కూలీలు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో కాంట్రాక్టర్ సీతయ్య వచ్చాడు. "పెద్దసార్లు వస్తున్నరు, ఈ ఇనుప గర్డర్ జల్దీ పైకి లేవాలె. చైన్లు మంచిగున్నయని సంతకం పెట్టమ్మా. లేకుంటే ఇంక పనికి రాకు."

జూలూరుపాడు తండాలో డిప్లొమా చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. ఈ ఉద్యోగం కోసం ఎంత తిరిగిందో సైటంతా తెలుసు. అయినా తల అడ్డంగా ఊపింది.

"పెట్టను సార్. కింద మనుషులుంటరు."

సీతయ్య నా వైపు తిరిగాడు. "నువ్వెక్కు భానూ, లేపు!"

నా కోపం ఇంకా చల్లారలేదు. కానీ క్రేన్ తాళంచెవి జేబులో వేసుకున్నాను.

"మేడం సరే అనేదాకా లేపను."

అప్పుడు సువర్ణ నన్ను చూసిన చూపు ఉందే... ఆ చూపుకి ఎన్ని చైన్లయినా గీకొచ్చు!

ఇద్దరం కూర్చుని గీకాం. ఆమె ఒక్కో లింకుకీ కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లింది. కాసేపటికి ఒక లింకు మీద, తెల్లటి పొడిలో సన్నటి నల్లగీత తేలింది. పగుల్లోకి దిగిన కిరసనాయిలు పైకి ఊరింది.

సీతయ్య వంగి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "పండుగ అయినంక డ్యూటీకి రా అమ్మా," అని మాత్రం అన్నాడు.

నా గుండె ఉప్పొంగిపోయింది. ఆ లింకున్న చైను భుజాన వేసుకుని సైటంతా తిరిగి చూపించాను.

"పట్టింది నేను. మీకు గంత సంబురమేంది?" అంది సువర్ణ.

"మా సువర్ణ పట్టిందని చెప్తున్న."

"మా?"

ఇక దాచలేకపోయాను. "అవ్. మీరంటే నాకిష్టం. ఇయ్యాల మీరట్ల నిలబడితే మస్తు గర్వమనిపించింది. కోపమొస్తే తిట్టుండ్రి."

తిట్టలేదు. చెవుల దాకా ఎర్రబడి, చేతులకంటిన సుద్ద దులుపుకుంది.

"రేపు మా ఇంటికి రాండ్రి. ఇయ్యాల జరిగింది మా నాయనకు మీరే చెప్పాలె, నేను చెప్తే గొప్పలంటడు."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఇష్టం సంగతి మాత్రం మీరు చెప్పకుండ్రి. అది నేనే చెప్త."